టీకప్ పామ్ (మరీ చిన్న పొమేరేనియన్ కుక్క) అని 35 వేలు తీసుకుని ఇండియన్ స్పిట్జ్ అనే వేరే జాతి అంటగట్టారు, కొనేవాళ్ళు జాగ్రత్త

హైదరాబాద్‌లో ఆ ఇన్‌స్టా పేజీ, తెల్ల బుట్టలో కుక్కపిల్లల్ని కూర్చోబెట్టి రీల్స్ తీసేది. పేరు రాయను, కుక్కల్ని పెంచేవాళ్ళకి తెలుసు. అమ్మ కోసం అక్కడే తీసుకున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఉండేది చిన్న ఫ్లాటు, ఎత్తుకోగలిగే కుక్క కావాలని మొదటి మెసేజ్‌లోనే చెప్పాం. "మూడు కిలోలు దాటదు మేడమ్, గ్యారంటీ" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు మా కుక్కపిల్ల చిన్నికి నాలుగు నెలలు, అప్పుడే ఐదు కిలోలు దాటింది. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) జాతి పేపర్లు ఇంతవరకూ రాలేదు.

డల్లాస్‌లో ఉన్న అక్క వీడియో కాల్‌లో చూడగానే "ఇది పామ్ కాదే, మూతి ఇంత పొడుగ్గా ఉందేంటి" అంది. మాకు అనుమానం ఎలా వస్తుంది, మన వీధుల్లో ఎన్నో ఏళ్ళుగా తెల్లగా బొచ్చుగా ఉండి తోక వీపు మీదకి తిప్పిన ప్రతి కుక్కనీ పామ్ అనే అంటున్నాం కదా. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో పామ్ అంటే 3 నుంచి 7 పౌన్లు, అంటే మహా అయితే మూడు కిలోల పైచిలుకు. మన స్పిట్జ్‌లో పెద్ద రకం 12 నుంచి 20 కిలోల దాకా పెరుగుతుంది. టీకాకి తీసుకెళ్తే డాక్టర్ గారూ స్పిట్జే అన్నారు. నెలన్నర వయసులో రెండూ దూది ఉండల్లాగే ఉంటాయట. పెద్ద కుక్కల్ని చూసి చెప్పడం కూడా అంత తేలిక కాదని, అమెరికా, బ్రిటన్ షెల్టర్లలో పనిచేసేవాళ్ళకి అవే ఫోటోలు చూపిస్తే అమెరికా వాళ్ళు పిట్‌బుల్ అన్నవాటిని బ్రిటన్ వాళ్ళు ఎక్కువగా స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్ అన్నారని, 2014లో స్టడీ వచ్చిందని చెప్పారు. కానీ అమ్మేవాడి సంగతి వేరు. తల్లి ఏదో తండ్రి ఏదో వాడికి తెలుసు.

స్పీకర్‌లో పెట్టి ఫోన్ చేశాను. ముందు "మేడమ్, ఇండియాలో పామ్ అంటే ఇదే" అన్నాడు. మరి అమ్మేటప్పుడు ఇంపోర్టెడ్ లైన్, అంటే విదేశీ కుక్కల సంతానం అని ఎందుకు చెప్పావంటే గొంతు మారిపోయింది. "మీ అక్క అమెరికాలో ఉంది కదా, అక్కడే కొనుక్కోండి. అంత బరువైతే రోడ్డు మీద వదిలెయ్యండి, అదే బతుకుతుంది." అమ్మ పక్కనే ఉంది. ఆ మాట వినగానే చిన్నిని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చేసింది. డబ్బులు పోతే పోయాయి, నాలుగు నెలల పిల్లని రోడ్డు మీద వదిలెయ్యమంటాడా? అలాంటివాడి దగ్గర ఇంకా ఎన్ని పిల్లలున్నాయో, వాటికి తిండి ఎలా పెడుతున్నాడో అని రాత్రంతా నిద్ర పట్టలేదు. చిన్నిని మేం ఎక్కడికీ పంపం. మన ఎండలకి తట్టుకునే మంచి జాతి అది, దాని తప్పేమీ లేదు.

కొనేవాళ్ళు రీల్స్ చూసి అడ్వాన్స్ కొట్టకండి. తల్లి కుక్కని ఎదురుగా చూపించమనండి, కుక్క చర్మం కింద పెట్టే మైక్రోచిప్ నంబర్ అడగండి, బిల్లు మీద బ్రీడ్ పేరు రాయించుకోండి. కుక్కల పెంపకం, అమ్మకాల మీద వచ్చిన 2017 రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, బ్రీడర్‌కి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పేజీలో ఇప్పటికే కొన్నవాళ్ళు చాట్లు, వాయిస్ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి. నేను రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇస్తున్నాను, మీరూ ఇవ్వండి.