వివరణ వెంటనే చదవాలా, గడియారం ముగిశాక చదవాలా?

యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికాలో వైద్యవృత్తికి అనుమతి కోసం రాసే పరీక్ష) వంటి లైసెన్సింగ్ పరీక్షలకు సిద్ధమయ్యే వైద్య విద్యార్థులు సాధన ప్రశ్నలను రెండు విధాలుగా చేస్తారు. జవాబు గుర్తించగానే వివరణ చదవడం ఒకటి, గడియారం పెట్టుకుని విడత మొత్తం ముగించాకే వివరణలు తెరవడం మరొకటి.

మెలిక ఉన్న ప్రశ్నలకు మొదటి పద్ధతే మేలని నా అభిప్రాయం. నీరసంతో వచ్చిన ఒక యువతికి రక్తపోటు మామూలుగానే ఉండి, రక్తంలో పొటాషియం తగ్గి, బైకార్బనేట్ పెరిగిందనుకుందాం. ఇచ్చిన జవాబుల్లో గుట్టుగా వాంతి చేసుకోవడం, డైయూరెటిక్ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే) మందులు వాడటం, గిటెల్‌మన్ సిండ్రోమ్ (మూత్రపిండాల నుంచి లవణాలు పోయే వంశపారంపర్య జబ్బు) మూడూ ఉంటాయి, పైగా మూడూ సరైనవిగానే తోస్తాయి. నిజానికి ముడి విప్పేది ప్రశ్న చివర ముక్తసరిగా ఇచ్చిన మూత్రంలోని క్లోరైడ్ అంకె: అది లీటరుకు 20 మిల్లీఈక్వివలెంట్ల కంటే తక్కువగా ఉంటే వాంతుల వైపు మొగ్గాలి, బాగా ఎక్కువగా ఉంటే మిగతా రెండింటినీ విడదీయడానికి మూత్రంలో ఆ మందుల జాడ వెతకాలి. తప్పు జవాబు వైపు నడిపిన ఆలోచన ఇంకా తాజాగా ఉండగానే ఈ తర్కం చదివితే మనసులో నాటుకుంటుంది. గంట తర్వాత చదివితే ఆ అంకెను ఎందుకు దాటేశామో గుర్తుండదు.

అయితే అసలు పరీక్షలో ప్రశ్నకు సగటున 90 సెకన్లే దొరుకుతాయి. తేలని ప్రశ్నను గుర్తుపెట్టి ముందుకు సాగడం గడియారంతో చేసిన సాధన వల్లనే అలవడుతుంది. అందుకే చివరి వారాల్లో దానికే మారడం మంచిది.