'సావరిన్ ఆఫ్ ది సీస్' కొయ్య నమూనా: ఆరేళ్ల తరువాత

ఇంగ్లండులోని వూలిచ్‌లో నిర్మించి 1637 అక్టోబరులో నీటిలోకి దించిన 'సావరిన్ ఆఫ్ ది సీస్' యుద్ధనౌక నమూనా కిట్టును ఆరేళ్ల క్రితం తెప్పించుకున్నాను. పలకలు అతికించి, తాళ్లు కట్టి పూర్తిచేయడానికి రెండేళ్లు పట్టింది. అప్పటినుంచి అది మా హాల్లో అద్దాల పెట్టెలో ఉంది.

ఇందులో కొయ్య చాలా మంచిది. గోరువెచ్చని నీళ్లలో నానబెడితే పలకలు విరగకుండా వంగాయి, ఇన్ని వానాకాలాలు గడిచినా ఒక్క అతుకూ విడలేదు. లోహపు బొమ్మల విషయంలో మాత్రం నాకు తీరని అసంతృప్తి ఉంది. ఓడ ముక్కున గుర్రమెక్కిన ఎడ్గర్ రాజు, గుర్రం డెక్కల కింద ఏడుగురు రాజులు ఉండాలి. నాకు వచ్చిన పోతలో ఆ ఏడు తలలూ ఒకే ముద్దగా ఉన్నాయి. భూతద్దం పెట్టి చూసినా నాలుగుకు మించి లెక్కకు రాలేదు. సన్నని ఆకురాయితో గీసి, పుట్టీతో ముఖాలు దిద్దడానికి మూడు వారాలు పట్టింది. నగిషీయే ఈ ఓడకు ప్రాణం. నల్లని ఒడలు మీద బంగారు పూతతో మెరిసే ఈ ఓడను డచ్చివారు 'బంగారు దెయ్యం' అన్నారు. దీనికి అప్పట్లో 65,586 పౌండ్లు ఖర్చయింది. అటువంటి ఓడ నమూనాలో బొమ్మల దగ్గర పొదుపు చేయడం క్షమించరానిది.

కిట్టుతో వచ్చిన పుస్తకంలో ఓడ కథ 1637తోనే ఆగిపోవడం మరో లోటు. ఓడకు 90 ఫిరంగులు అనుకుంటే, మొదటి చార్లెస్ రాజు పట్టుబట్టి 102 పెట్టించాడు. రాజు పోయాక, 1651లో పై కట్టడాలను కోసి తేలిక చేసిన తరువాతే అది అసలైన యుద్ధాలు చూసింది: 1652లో కెంటిష్ నాక్, 1660లో 'రాయల్ సావరిన్'గా పేరు మారాక 1690లో బీచీ హెడ్, 1692లో బార్‌ఫ్లూర్. అరవై ఏళ్లకు దగ్గరపడ్డాక, చాటమ్ రేవులో, ఆర్పకుండా వదిలేసిన కొవ్వొత్తి అంటుకుని కాలిపోయిందని చెబుతారు. కాబట్టి యుద్ధ దృశ్యం కూర్చాలనుకునేవారు ఈ కిట్టును యథాతథంగా వాడకూడదు. ఇది ఇంకా కోయని ఓడ.

నేను పైభాగపు కటకటాలకు జిగురు పెట్టకుండా సన్నని మేకులతో నిలిపాను. పిల్లలు అడిగినప్పుడు వాటిని పైకి తీసి, 1651లో వడ్రంగులు ఎక్కడి నుంచి కోశారో సుమారుగా చూపిస్తుంటాను.