హైడ్రాలిక్ బ్రేకులతో మూడో వేసవి: లివర్ ఎందుకు పట్టేస్తోంది?

హైదరాబాద్‌లో హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న (కేబుల్‌కు బదులు పైపులోని ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవి) రోడ్ సైకిల్ తొక్కడం మొదలుపెట్టాక ఇది మూడో వేసవి. మొదట్లో ఈ బ్రేకుల గురించి రాయడానికి ఏమీ ఉండేది కాదు, అంత బాగా పనిచేశాయి. అనంతగిరి గుట్ట వానలో దిగుతున్నా రెండు వేళ్ళతో నొక్కితే చాలు, సైకిల్ చెప్పినట్టు వినేది. ఈ మార్చిలో కుడి లివర్ మొండికేసింది. నొక్కితే బ్రేకు పడుతుంది, వదిలితే మాత్రం లివర్ టక్కున వెనక్కి రాదు. తాపీగా కదిలి, చివర్లో ఆగిపోయి, వేలితో తోస్తే గానీ తన చోటుకు చేరదు. మన దగ్గర ముందు బ్రేకు కుడిచేతికే ఉంటుంది కాబట్టి టెన్షన్ మామూలుగా లేదు.

కంపెనీ పేరు చెప్పను. మినరల్ ఆయిల్‌తో నడిచే సెట్ అని తెలిస్తే చాలు.

ఎవరిని అడిగినా ఒకటే సలహా: "బ్లీడ్ చేయించు." పైపులోని పాత ఆయిల్ తీసేసి, గాలి బుడగలు పోగొట్టి కొత్తది నింపడమే బ్లీడింగ్. కానీ గాలి చేరితే లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. నెమ్మదిగా వెనక్కి రావడం గాలి లక్షణం కాదు. పోనీలే అని చేయించాను. బయటికొచ్చిన ఆయిల్ నల్లగా ఉంది కాబట్టి ఆ డబ్బు దండగ కాలేదు గానీ, లివర్ తీరు మాత్రం మారలేదు.

అసలు ముందు తేల్చుకోవాల్సింది తేడా పైన లివర్‌లో ఉందా, కింద చక్రం దగ్గర, ప్యాడ్లను నొక్కే పిస్టన్లు ఉండే కాలిపర్‌లో ఉందా అన్నది. లివర్ చక్కగా వెనక్కి వచ్చి, ప్యాడ్లు మాత్రం రోటర్‌ను (చక్రంతో పాటు తిరిగే డిస్కును) రాసుకుంటూ ఉంటే కాలిపర్ పిస్టన్లను అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడు పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు కొద్దిగా మెలిపడుతుంది. వదలగానే అది సర్దుకుంటూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. మురికి పేరుకుంటే ఆ లాగుడు చాలదు. అప్పుడు చక్రం, ప్యాడ్లు తీసి, పిస్టన్లను కాస్త బయటికి రానిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అదే బ్రేక్ ఆయిల్ ఒక చుక్క రాసి లోపలికి నెట్టాలి. నా కాలిపర్ శుభ్రంగానే ఉంది.

ఇక మిగిలింది లివర్. లివర్ పైన చెయ్యి ఆనించే హుడ్ రబ్బరు వెనక్కి మడిస్తే విషయం కొంత అర్థమైంది. లివర్ తిరిగే పిన్ను చుట్టూ తెల్లగా ఉప్పు, అందులో కలిసిపోయి ఎండిన దుమ్ము. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కే స్టాండు) మీద తొక్కేటప్పుడు చేతుల వెంట కారే చెమటంతా చేరేది అక్కడికే. పాత టూత్‌బ్రష్‌కు ఆల్కహాల్ అద్ది, లివర్ ఆడిస్తూ రుద్దితే బూడిదరంగు బురద ఊడొచ్చింది. ఆరాక పిన్ను దగ్గర ఒకే ఒక్క చుక్క లూబ్. స్ప్రే డబ్బా జోలికి మాత్రం పోకండి. అది ఎటు చిమ్ముతుందో మన చేతిలో ఉండదు, రోటర్ మీద పడితే ప్యాడ్లకు నూకలు చెల్లినట్టే.

దాంతో సగం రోగం కుదిరింది. పొద్దున పూట లివర్ బాగానే ఉండేది, ఎండలో సైకిల్ నిలబెట్టి వస్తే మళ్ళీ అదే బద్ధకం. ఆయిల్ ఎక్కువ నింపేస్తే కూడా వేడికి ఇబ్బందే. వ్యాకోచించడానికి చోటు చాలక లివర్ గట్టిపడుతుంది, ప్యాడ్లు రాసుకుంటాయి. నాకు ఆ రెండూ లేవు. ఇక లివర్‌లో ఉండి ఆయిల్‌ను పైపులోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టనే లోపల బిగుసుకుంటోందని తేలింది. ఆ ముక్క విడిగా దొరకదు, వారంటీ దాటిపోయింది, మొత్తం లివర్ కొనాల్సి వచ్చింది. ఆ ధరకు ఒక మామూలు సైకిలే వస్తుంది! కొత్తది వేశాక మే ఎండలో కూడా టక్కుమని వెనక్కి వస్తోంది.

ఇంకో మాట. ఆయిల్ తక్కువైందని వీధి చివర మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గర డాట్ 4 (మోటార్ సైకిళ్ళలో వాడే బ్రేక్ ఆయిల్) పోయించుకోవద్దు. మినరల్ ఆయిల్ కోసం చేసిన సీళ్ళు అందులో ఉబ్బి పాడైపోతాయి. డాట్‌తోనే నడిచే బ్రేకులున్నవాళ్ళు దాన్ని మార్చడంలో బద్ధకించకూడదు, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 4 మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక లెక్క 155కు దిగుతుంది.

మళ్ళీ కొనమంటే నేను హైడ్రాలిక్కే కొంటాను. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కేబుల్ బ్రేకుల్లో ఈ పట్టు నాకు ఎప్పుడూ దొరకలేదు. శ్రీకాకుళంలో ఉండే మా బావ అడిగితే మాత్రం కేబుల్‌తో నడిచే డిస్కులే తీసుకోమన్నాను. ఆయనకు దగ్గర్లో బ్లీడింగ్ తెలిసిన మెకానిక్ లేడు, కేబుల్ తెగితే తనే మార్చుకోగలడు. ట్రైనర్ ఎక్కే ముందు హ్యాండిల్ మీద తువ్వాలు కప్పమని కూడా చెప్పాను, ఆ సలహా ఏ బ్రేకుకైనా పనికొస్తుంది.