మసాయి మారా ప్యాకేజీ కొన్నవాళ్ళు ఇది చదివాకే మిగతా డబ్బు కట్టండి

నిన్న రాత్రే శంషాబాద్‌లో దిగాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే పడి ఉన్నాయి. ఇది రాసేస్తే తప్ప నాకు వేరే పని మీద మనసు నిలవదు. దసరా సెలవులకీ, క్రిస్మస్‌కీ కెన్యా వెళ్దామని ఇదే ట్రావెల్ ఆఫీసులో అడ్వాన్సు కట్టినవాళ్ళు మీలో ఉన్నారని నాకు తెలుసు.

ఎవరి సంగతో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ప్రతి ఆదివారం సింహం ఫొటో పెట్టి "మన తెలుగువాళ్ళ గ్రూపు, మన తెలుగు భోజనం" అని పోస్టులు వేస్తారే, వాళ్ళే. కేసు వేస్తున్నాం కాబట్టి పేరు రాయొద్దని లాయరుగారు గట్టిగా చెప్పారు. అందుకే రాయడం లేదు.

మేం వెళ్ళింది ఆగస్టులో. అమ్మా నాన్నా, నేనూ మా ఆవిడా, పదకొండేళ్ళ మా అబ్బాయి. నాన్న రిటైరైన సైన్సు మాస్టారు. టాంజానియా సెరెంగెటి నుంచి జూలై, అక్టోబరు మధ్య లక్షలాది విల్డెబీస్టులు (ఆవుని పోలిన ఒకరకం జింకలు), వాటి వెంట జీబ్రాలు కెన్యా వైపు మసాయి మారా అభయారణ్యంలోకి రావడం, మొసళ్ళున్న నదిని మందలు మందలుగా దాటడం ఆయన క్లాసులో బోర్డు మీద గీసి చెప్పేవారు. అది కళ్ళారా చూపించాలని వెళ్ళాం. ఏప్రిల్లోనే పూర్తి డబ్బు కట్టేశాం. పీడీఎఫ్‌లో లావు అక్షరాలతో "అన్ని పార్కు ఫీజులూ కలిపి" అని ఉంది. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ల్యాండ్ క్రూజర్ ఇస్తామని మినీ వ్యాన్ పంపారు. ఈటీఏకి (కెన్యాలో అడుగుపెట్టడానికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) ప్రభుత్వం తీసుకునేది 30 డాలర్లు, పైన కాస్త ప్రాసెసింగ్ చార్జీ. వీళ్ళు తలకి ఆరు వేలు గుంజారు. ఇవన్నీ అప్పుడు పోనీలే అనుకున్నాం. నైరోబీ నుంచి రిఫ్ట్ వ్యాలీ అనే పెద్ద లోయ అంచు దిగి, నారోక్ ఊరు మీదుగా దాదాపు రోజంతా ప్రయాణం. మధ్యాహ్నం మూడు దాటాక మారా రిజర్వు సెకెనానీ గేటు చేరాం. ఆ సాయంత్రం లోపల కాసేపు తిప్పారు. జిరాఫీలు, ఏనుగులు కనిపించాయి. క్యాంపు గేటు బయటే. మర్నాడు రోజంతా లోపలే, నది దాకా అని చెప్పడంతో నాన్న ఆ రాత్రి సరిగ్గా పడుకోలేదు.

అసలు జరిగింది ఆ మర్నాడు పొద్దున గేటు దగ్గర.

ఆరున్నరకి మా వ్యాన్ గేటు ముందు క్యూలో ఆగింది. పూసల దండలు, కంకణాలు చేతులకి గుచ్చుకుని అక్కడి మసాయి తెగ ఆడవాళ్ళు కిటికీల దగ్గరికొచ్చారు. అమ్మ మనవరాళ్ళకని ఎర్ర పూసల దండలు ఏరుతోంది. డ్రైవరు కిందకి దిగి కౌంటర్ దగ్గరికెళ్ళాడు. తిరిగొచ్చి తలుపు తెరిచి, కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. చాలా మంచివాడు, పాపం. ఆఖరికి చేతిలో ఉన్న నిన్నటి రసీదు మడత విప్పి, ఎంట్రీ టైము దగ్గర వేలు పెట్టి చూపించాడు. "మీ పేరు మీద నాకు ఒక్కరోజుకే డబ్బు పంపారు. అది నిన్న సాయంత్రంతో అయిపోయింది. ఈరోజుకి మళ్ళీ కట్టాలి" అన్నాడు.

మారాలో టికెట్ రూలు తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒకప్పుడు టికెట్ 24 గంటలు చెల్లేది. 2024 నుంచి 12 గంటలే, అదీ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా. మధ్యాహ్నం మూడింటికి లోపలికి వెళ్ళినా ఆ టికెట్ ఆరింటికి అయిపోతుంది. మర్నాటికి కొత్త టికెట్. రేటు కూడా అప్పుడే పెరిగింది. విదేశీ పెద్దవాళ్ళకి జనవరి నుంచి జూన్ దాకా రోజుకి 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబర్ దాకా 200 డాలర్లు. తొమ్మిది నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి 50. అంటే ఆగస్టులో ఒక్క మనిషికి ఒక్కరోజు గేటు దాటడానికే 17 వేల రూపాయల పైమాటే. ఎన్ని రోజులు లోపలికి వెళ్తే అన్నిసార్లు కట్టాలి.

ఏళ్ళ తరబడి ఆఫ్రికా టూర్లు అమ్ముతున్న మనిషికి ఈ రూలు తెలియదా? తెలుసు. తెలిసే ఒక్కరోజుకి కట్టి, మిగతాది మిగుల్చుకున్నాడు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. అక్కడ ఆరున్నరంటే మనకి తొమ్మిది, నిద్రలో ఉండే టైము కాదు. కాసేపటికి వాట్సాప్‌లో "గుడ్ మార్నింగ్ సార్, హ్యాపీ సఫారీ" అని మెసేజి వచ్చింది. విషయం రాశాను. "టికెట్ 24 గంటలు ఉంటుంది సార్, డ్రైవరుకి తెలీదు, గట్టిగా మాట్లాడండి" అని వాయిస్ పెట్టాడు. నేను గట్టిగా మాట్లాడాల్సింది ఎవరితో? కౌంటర్లో ఉన్న రేంజరు మర్యాదగా లేచి వచ్చి, గోడ మీద రాసి ఉన్న టైములు నాకు చూపించాడు. ఆ బోర్డు ఫొటో తీసి ఏజెంటుకి పంపాను. అప్పుడు ఫోన్ వచ్చింది. నా చేతిలో అమ్మ పర్సు, పిల్లాడి జాకెట్ ఉన్నాయి, ఫోన్ స్పీకర్లో ఉంది. వ్యాన్లో ఉన్న అందరికీ వినబడింది.

అతనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "ఆఫ్రికా దాకా వెళ్ళినవాళ్ళు గేటు దగ్గర నాలుగు డాలర్లకి బేరాలేంటి సార్? మీ నాన్నగారి కోసమే కదా వచ్చింది. పెద్దాయన్ని లోపలికి పంపించి మీరు క్యాంపులో రెస్టు తీసుకోండి. జంతువులే కదా, జూ పార్కులో ఉన్నా అవే."

ఆ ముక్క విని నాన్న ఏమీ అనలేదు. మెడలో వేసుకున్న బైనాక్యులర్ తీసి, కవర్లో పెట్టి, జిప్ వేసేశారు. అమ్మ చేతిలోని పూసల దండ ఆ మసాయి ఆవిడకి తిరిగిచ్చేసింది. "పదరా వెనక్కి పోదాం, నాకేమీ చూడాలని లేదు" అంది. వాళ్ళిద్దరినీ ఆ సమయంలో చూసినవాళ్ళకి తెలుస్తుంది నా కడుపు ఎందుకింత మండుతోందో. డబ్బు తిన్నాడు, సరే. డెబ్బై దాటిన మనిషికి, కొడుకు జేబుకి తను బరువయ్యానన్న మాట చెవిన పడేలా చేశాడు. దానికి ఏ రీఫండూ లేదు.

అన్నీ కట్టేశాం కదా అని ఫారెక్స్ కార్డులో పైఖర్చులకి సరిపడానే వేసుకున్నాను. క్రెడిట్ కార్డు గీస్తే డిక్లైన్. అనుమానం మీద బ్యాంకు బ్లాక్ చేసిందట. ఓటీపీ కూడా రాలేదు. డ్రైవరు నైరోబీలో తన కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళూ చేతులెత్తేశారు. వాళ్ళకి హైదరాబాద్ నుంచి రావాల్సినదాంట్లో సగమే వచ్చిందట, గైడు బత్తా కూడా బాకీయేనట. మేం అక్కడ నిలబడి ఉండగానే పదులకొద్దీ బళ్ళు మమ్మల్ని దాటుకుని లోపలికెళ్ళిపోయాయి.

ఫారెక్స్ కార్డులో ఉన్నదంతా ఊడ్చి అమ్మకీ, నాన్నకీ, అబ్బాయికీ 450 డాలర్లు కట్టాం. వాళ్ళని బతిమాలి ఎక్కించాం. నేనూ మా ఆవిడా క్యాంపుకి నడిచాం. అంటే చివరికి వాడు ఫోన్లో చెప్పినట్టే జరిగింది. వ్యాన్ గేటు దాటేసరికి పది దాటింది.

లోపల ఏం జరిగిందో సాయంత్రం మా అబ్బాయి చెప్పాడు. సెకెనానీ తూర్పు వైపు గేటు. మందలు నది దాటే చోట్లు పడమర వైపు. దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్ళినా గంటన్నర పైనే పడుతుంది. వీళ్ళు చేరేసరికి అవతలి ఒడ్డు నిండా విల్డెబీస్టులు. దుమ్ము, అరుపులు. ముందున్నవి నీళ్ళ దాకా దిగడం, ఏదో చూసి బెదిరి వెనక్కి ఎగబాకడం, వెనకవి తోసుకురావడం. అవి ఎప్పుడు దూకుతాయో ఎవరూ చెప్పలేరు. ఒక్కోసారి గంటలు గంటలు అలాగే నిలబడి, అసలు దాటకుండానే తిరిగిపోతాయి. ఒక్కోసారి ఒక్కటి దూకితే చాలు, మిగతా మందంతా కట్ట తెగిన చెరువులా వచ్చి పడుతుంది. మనం చేయగలిగింది ఓపిగ్గా కూర్చోవడమే. ఆ కూర్చునే టైములోంచే పొద్దున మూడున్నర గంటలు గేటు దగ్గర పోయాయి.

నాలుగున్నరకి డ్రైవరు గడియారం చూసుకున్నాడట. ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి, ఆలస్యమైతే జరిమానా. నాన్న "ఇంకొక్క పది నిమిషాలు" అని అడిగారట. ఇచ్చాడట కూడా. మంద కదల్లేదు. వెనక్కి తిప్పేశాడు. దారిలో ఎదురైన ఇంకో గైడు రేడియోలో చెప్పాడట, వీళ్ళు బయల్దేరిన కాసేపటికే దూకడం మొదలైందని. డ్రైవరు ఆ మాట నాన్నతో అనలేదు. అక్కడి స్వాహిలీ భాష తెలియకపోయినా, అతని మొహం చూసి నాన్నకి అర్థమైందట.

ఈరోజు పొద్దున తొమ్మిదింటికే ఏజెంటు ఆఫీసు ముందున్నాను. సార్ దుబాయ్ గ్రూపుతో వెళ్ళారన్నారు. కౌంటర్లో అమ్మాయి నియమాల కాగితం తీసి, పదిహేడో పాయింటో ఏదో, "పార్కు ఫీజులు మారితే తేడా కస్టమరే భరించాలి" అన్న లైను చూపించింది. మారితే కదా? ఆ రేటూ, ఆ 12 గంటల రూలూ వచ్చింది 2024లో. మాకు ప్యాకేజీ అమ్మేనాటికే అవి పాత సంగతులు. ఆ మాటే అడిగితే "సార్ వచ్చాక మాట్లాడండి" అంది. ఆ అమ్మాయిని అని లాభం లేదు, జీతానికి పనిచేస్తోంది.

ఇంకోటి. బిల్లులో టీసీఎస్ అని (టూరు అమ్మేవాళ్ళు మన దగ్గర తీసుకుని మన పేరు మీద ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను) విడిగా వసూలు చేశారు. ఇంటికొచ్చి నా ఫారం 26ఏఎస్ (మన పాన్ మీద జమైన పన్నుల చిట్టా) తెరిచి చూస్తే, ఏప్రిల్లో కట్టిన డబ్బు తాలూకు టీసీఎస్ ఆనవాలే లేదు. మీరు కూడా ఇప్పుడే తెరిచి చూసుకోండి. మన పాన్ మీద జమ కావాల్సిన డబ్బు అది, రిటర్నులో మన పన్నుకి సర్దుకుంటారు, ఎక్కువైతే తిరిగి వస్తుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కాగితాలు లాయరుగారు తయారుచేస్తున్నారు. 2019 చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఏజెంటు ఆఫీసు ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. సంఘటన జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. మనం కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఇదే ఆఫీసు చేతిలో ఇలా దెబ్బతిన్నవాళ్ళుంటే మీ పీడీఎఫ్, మీ గేటు రసీదులు దాచండి, నాకు మెసేజ్ పెట్టండి.

వెళ్ళబోయేవాళ్ళకి నాలుగు మాటలు. ప్యాకేజీలో పార్కు ఫీజు ఎన్ని రోజులకి, తలకి ఎంత అని రోజువారీగా రాయించుకోండి. "కలిపి" అన్న ఒక్క మాటకి సంతకం పెట్టకండి. మధ్యాహ్నం చేరే రోజున గేటు లోపలికి వెళ్ళకుండా ఆ డబ్బు మర్నాటికి వాడమనండి, మూడు గంటల కోసం 200 డాలర్లు దండగ. రిజర్వు లోపలి క్యాంపులో ఉంటే వెళ్ళిపోయే రోజు పొద్దున 10 లోపు గేటు దాటాలి, లేకపోతే ఆ రోజుకీ కట్టాలి. నైరోబీలో బండి పెట్టే కంపెనీ పేరు ముందే అడగండి. కెన్యా టూరిజం రెగ్యులేటరీ అథారిటీ లైసెన్సు ఉందా, మీ పేరు మీద డబ్బు పూర్తిగా ముట్టిందా అని వాళ్ళకే నేరుగా మెయిల్ పెట్టి కనుక్కోండి. ఆ జవాబు వచ్చాకే మిగతా డబ్బు. రెండు వేరు వేరు బ్యాంకుల కార్డులు పట్టుకెళ్ళండి, విదేశీ వాడకం ఆన్ చేసి, కెన్యా వెళ్తున్నామని బ్యాంకుకి చెప్పి మరీ.

డిసెంబర్ గ్రూపువాళ్ళూ, మీకు వర్తించేది కూడా 200 డాలర్ల రేటే. మీకిచ్చిన కాగితంలో ఎన్ని రోజుల ఎంట్రీ ఉందో ఈ రాత్రే చూసుకోండి. ఒక్కరోజే ఉంటే రేపే ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా అడగండి, ఒక్కరే కాదు, నలుగురు కలిసి వెళ్ళండి.