ఫ్లౌండర్ వేటకి పెడల్ కయాక్: పోవడం సులువే, ఆగడమే కష్టం

శరదృతువులో ఒక్కడినే ఫ్లౌండర్ అనే చేప వేటకి వెళ్లడం కోసమని 12 అడుగుల పెడల్ కయాక్, అంటే కాళ్లతో తొక్కి నడిపే సన్నటి చిన్న పడవ, తీసుకున్నాను. పైన కూర్చుని నడిపే రకం, ప్లాస్టిక్ బాడీ, అడుగున తిరిగే ప్రొపెల్లర్. సీజనంతా వాడాక రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. ఇదే అచ్చులో చాలామంది చేస్తున్నారు కాబట్టి నేను చెప్పే మంచీ చెడూ చాలావాటికి వర్తిస్తాయి.

చేప సంగతి తెలియకపోతే పడవ మీద నా ఫిర్యాదు అర్థం కాదు. నేను వెతికేది అమెరికా దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలో దొరికే సదరన్ ఫ్లౌండర్. పిల్లగా ఉన్నప్పుడు తలకి చెరోవైపూ ఒక కన్ను ఉంటుంది. పెరిగేకొద్దీ కుడి కన్ను కూడా ఎడమవైపుకి జరిగిపోతుంది. ఇక బతికినంతకాలం ఇసుకలోనో బురదలోనో బల్లపరుపుగా పడుకుని, పైన పోయేదాన్ని పట్టుకుని తింటుంది. చలిగాలులు మొదలై నీళ్లు చల్లబడగానే గుడ్లు పెట్టడానికి తీరం లోపలి నీళ్లలోంచి సముద్రంలోకి బయల్దేరుతుంది. మనకి శరదృతువు మీద మోజు అందుకే. ఆటు వేళ చిన్న పాయలు ఖాళీ అవుతుంటే రొయ్యలూ మల్లెట్ అనే చేపల పిల్లలూ నీళ్లతో పాటు కొట్టుకొస్తాయి. ఆ పాయలు బయటికి కలిసే మొగలోనే ఫ్లౌండర్ కాపు కాస్తుంది.

తరుముకుంటూ పోయి పట్టే చేప కాదిది. పాయ మొగకి కాస్త దూరంలో కయాక్‌ని కట్టేసి, పావు ఔన్సు జిగ్‌కి (బరువు బిగించిన గాలానికి) రబ్బరు ఎర తొడిగి, అడుగున నెమ్మదిగా ఈడుస్తూ, ప్రతిసారీ జానెడు పక్కకి విసురుతూ పోవాలి. ముక్కు ముందు నుంచి పోతే తప్ప కదలదు మహాతల్లి. అంటే ఈ వేటలో పడవకి అసలు పరీక్ష కదలకుండా నిలబడటం.

సరిగ్గా అక్కడే ఈ కయాక్ తడబడింది. పెడల్స్ అద్భుతం, కాదనను. ఎదురుగాలిలో కూడా కాళ్లతో తొక్కుకుంటూ పోవచ్చు, చేతులు ఖాళీగా ఉంటాయి, వెనక్కి తొక్కితే ప్రవాహంలో కాసేపు ఉన్నచోటే నిలబెట్టుకోవచ్చు. కానీ పాయ మొగల దగ్గర నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు. ప్రొపెల్లర్ ఆల్చిప్పలకి తగిలి కీచుమంటుంది, లేదంటే నాచు చుట్టుకుంటుంది. పైకి లేపేస్తే చేతిలో తెడ్డే గతి. అంత డబ్బు పోసి కొన్న యంత్రం, అసలు చోటుకి చేరేసరికి ఒళ్లో లగేజీ అయిపోతుంది.

లంగరు ఏర్పాటు ఇంకా అన్యాయం. తాడు కట్టుకోవడానికి సీటు పక్కన ఒక కొక్కెం ఇచ్చి వదిలేశారు. ప్రవాహంలో పడవని పక్కనుంచి కట్టేస్తే నీటి తోపుడంతా అడ్డంగా పడి బోర్లా కొట్టే ప్రమాదం ఉంది. కట్టేది ముక్కు దగ్గర గానీ తోక దగ్గర గానీ ఉండాలి. కూర్చున్న చోటినుంచి ఆ చివరలు అందవు కాబట్టి పడవ అంచు వెంబడి రెండు చిన్న కప్పీలు, మధ్యలో రింగు ఉన్న తాడు బిగించుకున్నాను. యాంకర్ ట్రాలీ అంటారు. రింగులో లంగరు తాడు వేసి, లాగి చివరికి పంపడమే. లోతు తక్కువైన చోట లంగరు కూడా అక్కర్లేదు, బురదలో గుచ్చే ఫైబర్ కర్ర చాలు, చప్పుడూ ఉండదు. ఈ రెండూ వచ్చాకే నాకు చేపలు పడటం మొదలైంది.

సీటు ఎత్తుగా ఉంది, నడుం నొప్పి లేదు. వలబుట్ట పెట్టుకునే హోల్డర్ మాత్రం వీపు వెనక ఇచ్చారు. నీటి పైకి వచ్చాక ఒక్క విదిలింపుతో గాలం వదిలించుకునే చేపకి అది కుదరదు. వలని కాళ్ల దగ్గర పెట్టుకుని, తలవైపు నుంచి ఎత్తుతున్నాను.

ఒంటరిగా వెళ్లేవాళ్లు కొనేముందు ఇంకో విషయం చూసుకోవాలి. వెడల్పు కయాక్ తేలిగ్గా తిరగబడదు, నిజమే. తిరగబడిందంటే మాత్రం నీళ్లలో ఉండి ఒక్కరే దాన్ని సరిచేయడం మామూలు పని కాదు. ఎండాకాలంలో, లోతు తక్కువ ఉన్నచోట కావాలని తిరగేసి ఎక్కడం సాధన చేశాను. పెడల్ యూనిట్‌ని తాడుతో కట్టి ఉంచకపోతే అది అడుగుకి పోతుంది. లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలి, బట్టలు గాలి చలిని బట్టి కాదు, నీటి చలిని బట్టి వేసుకోవాలి. చేతి వీహెచ్ఎఫ్ రేడియో (పడవలవాళ్లు మాట్లాడుకునే వైర్‌లెస్) కయాక్‌కి కాకుండా జాకెట్‌కే తగిలించుకుంటాను. ఎక్కడ దిగుతున్నానో, ఎన్నింటికి తిరిగొస్తానో ఇంట్లో రాసిపెట్టి వెళ్తాను.

ఆటుపోట్ల పట్టికని గుడ్డిగా నమ్మి ప్లాన్ వేయకూడదు. అది చంద్రుడి, సూర్యుడి లెక్క, గాలి లెక్క అందులో ఉండదు. గల్ఫ్ తీరంలో చలిగాలి ఉత్తరం నుంచి బలంగా వీచిందంటే నీటిని సముద్రంలోకి తోసేస్తుంది, పట్టిక చెప్పినదానికన్నా మట్టం కిందికి పోతుంది. వెళ్లిన దారి తిరిగొచ్చేసరికి బురద. ఆ సమయంలో ఈ కయాక్ బరువు తెలుస్తుంది. పెడల్ యూనిట్ తీసేసినా ఒక్కడిని లాగలేకపోయాను, పోటు వచ్చేదాకా కూర్చోవాల్సొచ్చింది.

తేదీలు పెట్టుకునేముందు నిబంధనలు చూసుకోండి. టెక్సస్‌లో 2021 నుంచి నవంబర్ 1 – డిసెంబర్ 14 మధ్య ఫ్లౌండర్ పట్టి ఉంచుకోవడం నిషేధం. ఫ్లోరిడాలో అక్టోబర్ 15 నుంచి నవంబర్ 30 వరకు. చేపలు గుంపులుగా కదిలే రోజుల్ని వాటికే వదిలేశారు, నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది. అందుకే నా ప్లాన్ టెక్సస్ వైపు, అక్టోబర్‌లో వచ్చే తొలి చలిగాలుల తర్వాత.

ఐదుకి మూడు స్టార్లు ఇస్తాను. దూరంగా ఉన్న జెట్టీలకి, లోతైన కాలువలకి పోయేవాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. మీ వేట ఎక్కువగా పాయల్లోనే అయితే తేలికపాటి తెడ్డు కయాక్ తీసుకుని, మిగిలిన డబ్బుతో ట్రాలీ, గుచ్చే కర్ర, నీళ్లు లోపలికి రానివ్వని మంచి డ్రైసూట్ కొనుక్కోండి.