‘వైల్డ్‌ఫైర్’లో పేరున్నది గుర్రానికే

అమెరికన్ గాయకుడు మైకేల్ మార్టిన్ మర్ఫీ 1975లో తెచ్చిన ‘బ్లూ స్కై – నైట్ థండర్’ ఆల్బమ్‌ను నేను మొదటి పాట ‘వైల్డ్‌ఫైర్’ కోసమే కొన్నాను. లారీ కాన్స్‌లర్‌తో కలిసి ఆయన రాసిన ఈ పాట, అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో 3వ స్థానం దాకా వెళ్లింది. దయ్యమై తిరిగే అమ్మాయి ప్రేమకథగా చాలామంది దీన్ని వింటారు. నాకు మాత్రం ఇది పంట పోయిన రైతు పాట.

ఒక చలికాలం, పైరును మాడ్చే మంచులో ఒక అమ్మాయి చనిపోయిందట. ఆమె పెంచుకున్న గుర్రం వైల్డ్‌ఫైర్ కొట్టం విరగ్గొట్టుకుని పోయి మంచు తుఫానులో తప్పిపోయిందట. ఇప్పుడు ఆమె దాని మీదే కొండ దిగి నెబ్రాస్కా మైదానంలోకి వస్తుంది. ఇంతవరకు ఎవరో చెప్పగా విన్న కథ. అక్కడి నుంచి పాడే మనిషి తన సంగతికి వస్తాడు. అమావాస్య చీకట్లో విత్తనం వేశాడు, మంచు ముందే కురిసింది. ఆరు రాత్రులుగా కిటికీ పక్కన గుడ్లగూబ అరుస్తోంది. ఆ అరుపుకు అర్థం మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడి జానపదుల నమ్మకమూ అదే. ఆమె తన కోసమే వస్తోందని అతనికి తెలుసు. అయినా భయం లేదు, ఎదురుచూపే ఉంది.

ఎందుకంటే అతను వదిలి వెళ్తానంటున్నది ‘సాడ్‌బస్టింగ్’ను. నాగలి ఎరగని గడ్డినేలను, దట్టంగా అల్లుకున్న వేళ్లను తెంచి దున్నడం అది. ప్రభుత్వ నేలను సాగుదారులకు పంచిన అమెరికా 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు తీసుకున్నవారు అయిదేళ్లు అక్కడే ఉండి సాగుచేస్తేనే నేల సొంతమయ్యేది. 1888 జనవరి మంచు తుఫానులో ఆ మైదానాల్లో బడి నుంచి ఇళ్లకు బయలుదేరిన పిల్లలు ఎందరో దారిలోనే చనిపోయారు. పాటలో ఏ సంవత్సరమూ లేదు గానీ, ఆ మంచు వట్టి వర్ణన కాదు.

అమ్మాయికి పాటలో పేరే లేదు, గుర్రానికి ఉంది. నా ఆలోచనంతా అక్కడే ఆగుతుంది. కొట్టం పగలగొట్టుకుని పోయింది అదొక్కటే. ఆ రైతుకు చేతకానిది అదే. అకాల వర్షానికి కుప్పల మీదే గింజ మొలకెత్తిన ఏడాది మా నాన్న వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకేనేమో, ఆ రైతు చనిపోతున్నాడన్న సంగతి కంటే అతని గొంతులోని తేలికదనమే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ సంగీతం ఆధారంగా సాగే మొదటి పియానో భాగాన్ని రేడియోలో తరచూ కత్తిరిస్తారు. అది తీసేస్తే చలి తెలియదు. పూర్తి పాటే వినండి. ఆల్బమ్‌లోని మిగతా పాటల్లో ‘కరోలినా ఇన్ ద పైన్స్’ హాయిగా ఉంటుంది. కానీ దాన్ని సరిగ్గా దీని తర్వాతే పెట్టడం నాకు నచ్చలేదు. మొదటిసారి వింటున్నవారు ఈ పాట అవగానే ఆపి, కాసేపయ్యాక రెండోదానికి వెళ్లండి.