తొమ్మిదేళ్లుగా వాడుతున్న మా క్యాంపస్ పార్కింగ్

2016లో ఎమ్మెస్సీలో చేరినప్పటి నుంచి హైదరాబాద్‌లోని ఒకే యూనివర్సిటీలో బండి పెడుతున్నాను. మొదటి ఏడేళ్లు స్కూటీ, పాప పుట్టాక సెకండ్‌హ్యాండ్ కారు. అక్కడే పీహెచ్‌డీ చేశాను, ఇప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌లో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. స్టూడెంట్, స్కాలర్, స్టాఫ్ స్టిక్కర్లు మూడూ వాడినదాన్ని. యూనివర్సిటీ పేరు చెప్పను. ఈ ఊళ్లో పెద్ద క్యాంపస్‌లో చదివినవాళ్లకు ఇందులో సగం సంగతులు తెలిసినవే అయి ఉంటాయి.

మా దగ్గర జాగాకు కరువు లేదు. నీడకూ, గుమ్మం దగ్గరి చోటుకూ కరువుంది. ఆ రెండూ ఎవరికివ్వాలన్న దగ్గరే మా రూల్స్ తప్పుతున్నాయి.

ఉదయం పదింటికి సైన్స్ బ్లాకు ముందు రెండు వరసల్లో కార్లు, వాటి మధ్య సందుల్లో బైకులు, మెట్ల పక్కన కూడా బైకులే. గ్రౌండ్ వెనక పెద్ద పార్కింగ్ స్థలం మాత్రం సగం కూడా నిండదు. అక్కడి నుంచి ల్యాబ్‌కు ఎనిమిది నిమిషాల నడక, దారిలో ఒక్క చెట్టు లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటాక మధ్యాహ్నం స్కూటీ తీయాలంటే సీటు మీద కూర్చోలేం. డిక్కీలో పాత టవల్ ఒకటి ఉంచుకుని, బాటిల్ నీళ్లతో తడిపి సీటు మీద పరిచి, రెండు నిమిషాలు ఆగి బయల్దేరేదాన్ని. అందుకే పిల్లలందరూ కానుగ చెట్ల కింద బండ్లు ఇరికిస్తారు. దానికి క్రమశిక్షణ లేదని సర్క్యులర్లు తీస్తే ఏం లాభం? నేరేడు చెట్టు కింద మాత్రం జూన్‌లో కొత్తవాళ్లు తప్ప ఎవరూ పెట్టరు, సాయంత్రానికి సీటంతా ఊదా మరకలే.

ఒక కారు నిలవాలంటే రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలి. అదే జాగాలో నాలుగైదు బండ్లు పడతాయి. మా క్యాంపస్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది టూవీలర్ల మీదే వస్తారు. కానీ ఉన్న రెండు రేకుల షెడ్లూ కార్లకే, అదీ హోదా ప్రకారం. పేరు బోర్డు పెట్టిన స్లాట్లు కొన్ని వారంలో మూడు రోజులు ఖాళీగా ఉంటాయి, అయినా వేరేవాళ్లు పెట్టకూడదు. ఇప్పుడు నేనూ కారులోనే వస్తున్నాను, అయినా అడుగుతున్నాను: ఆ షెడ్లు బండ్లకివ్వండి. కారుకు పైకప్పు ఉంది, ఏసీ ఉంది. స్కూటీ మీద వచ్చే అమ్మాయికి అవేవీ లేవు.

స్టిక్కర్ సంగతి కొంత మెరుగుపడింది. మొదట్లో ఆర్సీ దరఖాస్తుదారు పేరు మీదే ఉండాలనేవారు. సగం మంది పిల్లల బండ్లు ఊళ్లో ఉన్న నాన్న పేరు మీదే ఉంటాయి, వాళ్లెక్కడికి పోతారు? రెండేళ్లు అడగ్గా అడగ్గా ఐడీ కార్డు, లైసెన్సు ఉంటే చాలన్నారు. 2024 మార్చిలో కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ నంబర్లు వచ్చాక మళ్లీ గందరగోళం. మా ఆన్‌లైన్ ఫారంలో టీజీ అన్న ఆప్షన్ చేర్చడానికి ఒక సెమిస్టర్ పట్టింది. అన్నాళ్లూ కొత్త బండి పిల్లలు రోజూ గేటు దగ్గర ఆగి రిజిస్టర్లో రాయాల్సి వచ్చింది.

బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. 2018లో మన ప్రభుత్వం మాల్స్, మల్టీప్లెక్సుల్లోనే మొదటి అరగంట పార్కింగ్ ఉచితం చేసింది. కూతురి టీసీ కోసం ఊరి నుంచి వచ్చిన తండ్రి దగ్గర పది నిమిషాల పనికి 20 రూపాయలు తీసుకోవడం ఏం న్యాయం?

ఇన్నేళ్లలో బాగా పనిచేసిన ఏర్పాటు ఏదంటే నాకు గుర్తొచ్చేది ఒక మనిషి. ఉదయం షిఫ్టులో ఒక సెక్యూరిటీ అన్న ఉండేవారు. "హ్యాండిల్ లాక్ వెయ్యకుండ్రి మేడమ్, జరిపి పెడితే ఇంకో పది బండ్లు పడతయ్" అనేవారు. అప్పటికి నా స్కూటీ లోన్ ఇంకా తీరలేదు, మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. ఆయన బండి వెనక రాడ్ రెండు చేతులతో పట్టుకుని ఎత్తి పక్కకు జరిపేవారు, అద్దాలు ఒకదానికొకటి తగలకుండా లోపలికి తిప్పేవారు. 40 పట్టే చోట 55 నిలిచేవి. ఆయన ఉన్న నాలుగేళ్లలో ఒక్క బండీ పోలేదు. ఏజెన్సీ మారినప్పుడు ఆయన్నీ మార్చేశారు. ఇప్పుడున్నవాళ్లది 12 గంటల డ్యూటీ. గేటు, విజిటర్ల రిజిస్టరు, ఫోన్లు అన్నీ ఒక్కరే చూసుకోవాలి, బండ్లు సర్దే తీరిక ఎక్కడిది? తర్వాత బోర్డులు, కెమెరాలు, వీల్ లాకులు చాలానే కొన్నారు. ఏవీ ఆయన చేసిన పనికి సాటి రాలేదు.

2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక మా క్లాసు అమ్మాయిలు చాలామంది స్కూటీలు ఇంట్లో పెట్టి వచ్చారు. బస్సు మెయిన్ గేటు దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి మా బ్లాకుకు కిలోమీటరున్నర. లోపల తిరిగే ఈ-ఆటోలు సాయంత్రం ఐదింటికి ఆగిపోతాయి, మా ల్యాబ్ వాళ్లు ఎనిమిది దాకా ఉంటారు. చీకట్లో ఒంటరిగా ఎవరు నడుస్తారు? నాలుగు నెలల్లో సగం మంది మళ్లీ స్కూటీ తీశారు. ఆటోలు రాత్రి తొమ్మిది దాకా నడిపితే కొత్త పార్కింగ్ కట్టే అవసరమే రాదని నా గట్టి నమ్మకం.

ఎలక్ట్రిక్ బండ్లూ పెరిగాయి. 2024 నవంబరులో రాష్ట్రం వాటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేశాక మా స్కాలర్లే కొందరు కొన్నారు. ఛార్జింగ్ పాయింట్లు లేక కింది ల్యాబ్ కిటికీలోంచి వైరు లాగుతున్నారు, వానాకాలంలో అది చూస్తే నాకు భయం.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ర్యాంపు దగ్గరి చోటు. మా జూనియర్ స్కాలర్ ఒకబ్బాయి పక్క చక్రాలు బిగించిన స్కూటర్ మీద వస్తాడు, చంకకర్రలు ముందు కాళ్ల దగ్గర పెట్టుకుని. ఒకరోజు ఫోన్ చేసి "అక్కా, కొంచెం కిందికి వస్తారా" అన్నాడు. వెళ్లి చూస్తే ర్యాంపుకు అడ్డంగా కారు, దాని పక్కన రెండు బైకులు. ఎండలో, హెల్మెట్ కూడా తీయకుండా, స్కూటర్ మీదే 25 నిమిషాలు కూర్చున్నాడు. దిగితే కూర్చోవడానికి అక్కడ గట్టు కూడా లేదు. నలుగురం కలిసి బైకులు ఎత్తి జరిపాం. కారు ఎవరిదో తెలియలేదు.

జాతీయ భవన నిర్మాణ నియమావళిలో స్పష్టంగా ఉంది: వికలాంగుల పార్కింగ్ గుమ్మానికి 30 మీటర్లలోపు, 3.6 మీటర్ల వెడల్పుతో ఉండాలి. అరవై మంది సంతకాలతో అర్జీ ఇచ్చాం. పసుపు గీతలు గీసి వీల్‌చైర్ బొమ్మ వేశారు, చాలా సంతోషించాం. వెడల్పు మాత్రం మామూలు కారు స్లాటంతే, రెండున్నర మీటర్లు. పక్కన కారు ఆగితే అతను కర్రలు ఆనించి దిగడానికి చోటుండదు. మళ్లీ రాసిచ్చాం. గత నెల పాత గీత చెరిపి కొత్తది గీశారు. ల్యాబ్‌లోని టేపు తీసుకెళ్లి నేనే కొలిచాను, 3 మీటర్ల 40 సెంటీమీటర్లు వచ్చింది. మిగతా 20 సెంటీమీటర్ల కోసం సోమవారం మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాను.